తడిసిన తాబేలు

“తీసేస్తావా, తీసెయ్యవా? ఆ ఒక్క ముక్క చెప్పక్కా.”

పొద్దున లేచిన దగ్గర్నుంచీ తమ్ముడిది ఇదే పాట. అక్క స్నానాలగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, సబ్బు పట్టించిన పీచుతో మెడ తోముకుంటోంది. తోమీ తోమీ చర్మం కందింది కానీ నీలం మాత్రం వదల్లేదు. చెవి కింద మొదలై భుజం దాకా పారి, అక్కడ రెండు పాయలుగా చీలి వీపు మీదికి పోయింది.

లోపల కొక్కేనికి తగిలించిన కోటు మొన్నటి నుంచీ కారుతూనే ఉంది. ఎన్ని నీళ్ళు తాగిందో ఏమో, కడుపు నిండిన దానిలా బరువుగా వేలాడుతోంది. గుండె మీద కుట్టిన తాబేలు బొమ్మ ఒక్కటే, తనకేమీ సంబంధం లేనట్టు తల పైకెత్తి చూస్తోంది.

“నిన్నే అడుగుతున్నాను.”

“వినపడింది. ముందు ఆ చెంబుతో కాసిని నీళ్ళు పొయ్యి. నాకు అందడం లేదు.”

తమ్ముడు వంగి నీళ్ళు పోశాడు. ఎంత కోపంలో ఉన్నా అక్క చెప్పిన పని చేసేయడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. పోశాక గుర్తొచ్చింది తను కోపంగా ఉన్నానని. చెంబు కాస్త గట్టిగా చప్పుడయ్యేలా కింద పెట్టాడు.

“మేనేజర్ మళ్ళీ ఫోన్ చేసింది. ఆ కామెంటు పెట్టినావిడ అడ్రసూ నీ అడ్రసూ ఒకటేనటగా, అంది. ఏం చెప్పను? కోటు వచ్చి దిగింది ఈ గుమ్మంలోకే. తాము చెరిపేస్తే జనం ఇంకా గోల చేస్తారట, పెట్టినావిడే తీసెయ్యాలట. సాయంత్రానికల్లా ఆ కామెంటు కనిపించకూడదంది.”

“కనిపిస్తే?”

“రేపట్నుంచి నేను ఆఫీసులో కనిపించనక్కర్లేదంది.”

అక్క పీచు పక్కన పెట్టి తువ్వాలు అందుకుంది.

ఆ తాబేలు గుర్తు బట్టల కంపెనీలో తమ్ముడి పని బట్టలు కుట్టడమూ కాదు, అమ్మడమూ కాదు. వాటి గురించి రాయడం. ఫోనులో ప్రతి చొక్కా బొమ్మ కిందా నాలుగు వాక్యాలుంటాయి చూడండి, మనం ఒళ్ళు మరిచిపోయి కొనెయ్యడానికి సగం కారణం ఆ వాక్యాలే, అవి వాడివి. ఏడాదిగా తాత్కాలికంగానే రాస్తున్నాడు. ఈ నెలలో ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. సరిగ్గా అదను చూసుకున్నట్టు సొంత అక్కే, సొంత ఇంట్లో కూర్చుని, కంపెనీ పరువు తీసి పెట్టింది.

తల్లి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. అందుకని దెబ్బలాట ఎక్కడ జరుగుతోందో ముందు విని, అటే ఒక్కసారి నడుస్తుంది.

“ఏమే, ఆ మెడ ఊడి చేతికొచ్చేలా ఉంది. ఇంక చాల్లే. ఆ రాసిందేదో తీసేస్తే నీ సొమ్మేం పోయింది?”

“సొమ్ము పోయాకే కదమ్మా రాశాను.”

“అదిగో. మాటకి మాట. వాడి పొట్ట కొట్టి ఊళ్ళో వాళ్ళకి మేలు చేస్తావా?”

“నేను ఎవరి పొట్టా కొట్టలేదు. వానకోటు కొన్నాను. వానలో తడిశాను. ఆ సంగతే రాశాను. ఇందులో నేను చేసిన నేరం ఏమిటో ఎవరన్నా చెప్పండి.”

ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పలేనప్పుడు మనుషులకి కోపం ఇంకా ఎక్కువవుతుంది. తమ్ముడు విసవిసా ముందుగదిలోకి వెళ్ళాడు.

అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన ఆవిడ కూర్చునే సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎందరి ప్రాణాలో ఆ బ్రేకు మీద ఆవిడ పాదం పుణ్యాన నిలిచాయి. అందుకే అందరూ బ్రేకు టీచర్ అంటారు. మొన్న కొత్తగా చేరిన పళ్ళ డాక్టరు, కుండపోత వానలో, నాలుగు రోడ్లూ కలిసేచోట బండి ఆపేశాడు. ఆపడం అంటే ఆపడం కాదు, అదే ఆగిపోయింది, ఆయన బిగుసుకుపోయాడు. వెనక బళ్ళన్నీ గోల. బ్రేకు టీచర్ కొత్త కోటు బొత్తాలు పెట్టుకుని, తలుపు తీసుకుని, దర్జాగా వానలోకి దిగింది. నిజం చెప్పాలంటే దిగడానికి ఏదో ఒక వంక దొరికినందుకు లోపల సంబరపడింది కూడా. బళ్ళని పక్క దారిలోకి మళ్ళించి, తిరిగొచ్చి సీట్లో కూర్చుంది.

పళ్ళ డాక్టరు స్టీరింగు వదిలేసి ఆవిడ వంక గుడ్లప్పగించి చూశాడు. “మేడమ్, మీకు ఒంట్లో బాగానే ఉందా? మీరు నీలంగా అవుతున్నారు.”

కంపెనీకి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది, తడిసిన సరుకు వెనక్కి తీసుకోబోమని. అది వానకోటు కదమ్మా, అంది అక్క. కావచ్చు మేడమ్, కానీ తడిసిందిగా, అంది అమ్మాయి. ఆ తరవాతే అక్క తన మెడకి ఫోటో తీసి, కామెంటు రాసి, కంపెనీ పేజీలో కోటు బొమ్మ కిందే పెట్టింది.

ముందుగదిలో తమ్ముడు ఫోను తెరిచి ఆ కామెంటే పైకి చదవడం మొదలుపెట్టాడు. తల్లికి వినిపించడానికే అయినా, అక్కకి సిగ్గు కలగాలన్నది అసలు ఉద్దేశం.

“వినమ్మా నీ కూతురి ఘనకార్యం. ‘పదేళ్ళ నుంచి ఈ తాబేలు మీద మనసు పడ్డాను. తీరా కొనుక్కుని వానలోకి దిగితే లోపలి చొక్కా తడిసింది, నేను నీలంగా తయారయ్యాను. ఈ కోటు మొత్తం మీద వానకి ఆగింది తాబేలు బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మ ఇంకాస్త పెద్దది కుట్టి ఉంటే బతికిపోయేదాన్ని.’ ఇంత వెటకారం అవసరమా?”

“వెటకారం ఎక్కడుంది? బొమ్మ నిజంగానే తడవలేదు. కావాలంటే వెళ్ళి ముట్టుకుని చూడు.”

వంటింట్లో మరదలు ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగి, నవ్వు మింగినట్టు చిన్న దగ్గు వినపడి, మళ్ళీ మొదలైంది. ఈ ఇంట్లో ఆ పిల్ల నోరు విప్పడం తక్కువ. అత్తగారు ఒక మాట, ఆడపడుచు ఒక మాట, మొగుడు ఒక మాట అనేసరికి మాటల వంతు అయిపోతుంది.

“కింద ఎంతమంది చేరారో చూడు,” అన్నాడు తమ్ముడు. “ఒకావిడ రాస్తోంది, ‘మాదీ అంతే, నేను ఆకుపచ్చ అయ్యాను’ అట. ఇంకొకడు ‘కొనబోతూ ఆగాను, మీకు దండం’ అట.”

“ఆ దండం నాకు బాగా నచ్చింది,” అంది అక్క, తడి జుట్టు తుడుచుకుంటూ. “ఇంతమందికి కారు నేర్పినా ఒక్కడు తిరిగొచ్చి దండం పెట్టలేదు.”

“నీకు నవ్వులాటగా ఉంది.”

“లేదురా. నవ్వులాటగా లేదు.”

ఆ మాట ఆవిడ మెల్లగా అంది. నిజంగానే లేదు. పదేళ్ళ కిందట అక్క కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, లైసెన్సు పరీక్ష పెట్టడానికి ఒక అధికారిణి వచ్చేది. ఎంత వానైనా ఆవిడ తాబేలు కోటు వేసుకుని మైదానం మధ్యలో నిలబడేది. అందరూ గొడుగుల కింద ముడుచుకుని ఉంటే ఆవిడ ఒక్కతే నిటారుగా, పొడి చేతుల్తో, పొడి కాగితం మీద పాసో ఫెయిలో రాసేది. వానే ఆవిడకి జడిసి పక్కకి తప్పుకున్నట్టుండేది. అప్పటి నుంచీ అక్కకి ఆ కోటు అంటే ఉత్త కోటు కాదు. అట్లా నిలబడటం కావాలి. నలుగురి మధ్య, వానలో, ఎవరి గొడుగులోకీ దూరకుండా.

అక్క పోయిన నెల ఫలహారం దగ్గర కోటు బొమ్మ తెరిచి, కింద రాసింది అందరికీ చదివి వినిపించింది. ‘వాన మీ భుజం దాకా వస్తుంది. లోపలికి అనుమతి లేదని తెలుసుకుని జారిపోతుంది.’

“ఒరేయ్, ఇది నువ్వే రాశావా?” అంది అప్పుడు. “బాగుందిరా. చాలా బాగుంది. తీసుకోనా మరి?”

తమ్ముడు టీ కప్పులోకి చూస్తూ, “నీ ఇష్టం అక్కా” అన్నాడు. అక్క అక్కడికక్కడే బొటనవేలితో నొక్కేసింది.

ఇప్పుడు అదే ఫలహారం టేబులు దగ్గరికి వచ్చి కూర్చుంది. తమ్ముడు ఎదురుగా. తల్లి మధ్యలో, తగువు తీర్చే పెద్దమనిషిలా. పై వాటా వాళ్ళ కుర్చీ జరిపిన చప్పుడు కూడా స్పష్టంగా వినపడింది.

“సరే, తీసేస్తాను,” అంది అక్క.

తమ్ముడు తలెత్తాడు. తల్లి ఊపిరి వదిలింది.

“ఒక్క మాట చెప్పు, చాలు. ఈ కోటు ఇట్లాంటిదని నీకు తెలియదని, నా మొహం చూసి చెప్పు. తెలియక రాశావంటే తప్పు నీది కాదు, ఆ కంపెనీది. నీకోసం నా మాట నేను మింగేస్తాను. ఆ దండం పెట్టినవాడికి సమాధానం కూడా నేనే చెప్పుకుంటాను.”

తమ్ముడు గ్లాసులో నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. గ్లాసు ఉన్నచోట నుంచి ఇంకోచోటికి జరిపాడు.

“చెప్పరా,” అంది తల్లి. “అదెంత పని?”

“తెలియదక్కా,” అన్నాడు.

మొహం చూసే అన్నాడు. అక్కకి గుండెల మీద నుంచి ఏదో దిగిపోయినట్టయింది. కామెంటు పోతుందన్న బాధ ఉంది కానీ, తమ్ముడు మిగిలాడు. అంతకంటే ఏం కావాలి? ఫోను తీసుకుని తన కామెంటు తెరిచింది. ఒకసారి చదువుకుంది. ‘తీసెయ్యాలా?’ అని అడిగింది ఫోను. అక్క బొటనవేలు దాని మీదికి వెళ్ళింది.

“ఆయనకి తెలుసు వదినా.”

వంటింటి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. ఉల్లిపాయల వల్లనో మరెందుకో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏం తెలుసు?” అంది అక్క.

“కోటు సంగతి. వానలు మొదలవకముందే తెలుసు. నేను కొనుక్కుంటానంటే వద్దన్నారు. ఈ ఏడాది బట్ట మార్చేశారు, అది వానకి ఆగదు, దానికంటే దుప్పటి కప్పుకుని వెళ్ళడం నయం అన్నారు.”

తమ్ముడు తేలు కుట్టినట్టు లేచాడు. “నిన్నెవరు అడిగారు? నువ్వు నోరు మూసుకుని లోపలికి పో.”

“ఆ పిల్లని అన్నావంటే ఊరుకోను,” అంది అక్క. “కూర్చో.”

కూర్చున్నాడు. అక్క ఫోను టేబులు మీద బోర్లించింది. వేలు వెనక్కి తీసుకుంది. అబద్ధం చెప్పినందుకు కంటే, అంత తేలిగ్గా తను నమ్మినందుకు ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా. కానీ కోపమే ముందొచ్చింది కాబట్టి అవి అక్కడే ఆగిపోయాయి.

“ఇప్పుడు చెప్పు. మొదట్నుంచీ చెప్పు.”

తమ్ముడు గ్లాసు పక్కకి నెట్టాడు. “మాకు బట్ట చూపించరక్కా. ఫోటో పంపిస్తారు, అంతే. పోయినేడాది రాత తీసి, రంగు పేరు మార్చి పెట్టెయ్యడమే. ఆ రాత పాత కోటుకి రాశాను. అప్పుడది నిజమే. తరవాత బట్ట మార్చారు, రాత మార్చలేదు. వానలకి ముందే దుకాణాలవాళ్ళు నీళ్ళు పోసి చూసి వెనక్కి పంపిన పెట్టెలు గదిలో పట్టక మెట్ల మీద పేర్చారు, అప్పుడు తెలిసింది.”

“తెలిశాక?”

“వెళ్ళి అడిగాను. నువ్వు మాటల మనిషివి, బట్టల సంగతి నీకెందుకు అంది మేనేజర్.”

“నువ్వేమన్నావు?”

తమ్ముడు ఏమీ అనలేదు. అప్పుడూ ఏమీ అనలేదన్నమాట.

“సరే, అక్కడ నోరు లేవలేదు. ఉద్యోగం భయం. అది నాకు అర్థమవుతుంది,” అంది అక్క. “ఇంట్లో ఏమైంది? పెళ్ళానికి చెప్పావు. నీ ఎదురుగా కూర్చుని, నీ రాతే నీకు చదివి వినిపించి, కొననా అని అడిగాను. నాకెందుకు చెప్పలేదు?”

తల్లి కూడా ఈసారి కొడుకు వైపే చూసింది.

“నువ్వు బాగుందన్నావు,” అన్నాడు తమ్ముడు, టేబులుతో చెప్పుకుంటున్నట్టు.

“ఏంటి?”

“నా రాత బాగుందన్నావక్కా. నాకు బుద్ధి తెలిశాక నువ్వు నాదేదైనా బాగుందన్నది అదొక్కసారే. చిన్నప్పుడు నేనేం రాసినా తప్పులు దిద్దేదానివి. డిగ్రీ తెచ్చుకుంటే ఇంకాస్త బాగా చదవాల్సిందన్నావు. ఆ రోజు పొద్దున అందరి ముందూ చాలా బాగుందన్నావు. ఇక అప్పుడు అది అబద్ధమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

అక్క తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తను అట్లాంటి అక్కనని ఆవిడకి ఇంతవరకూ తెలియదు. ఇప్పుడు తెలిసి బాధ కలిగింది. అయితే బాధ కలిగినంత మాత్రాన మెడ మీద నీలం పోదు కదా.

“నేను మెచ్చుకోలేదు, ఒప్పుకుంటాను,” అంది చివరికి. “మెచ్చుకోవాల్సింది. ఆ తప్పు నాది. కానీ బాగానే రాశావురా, ఇప్పటికీ అదే అంటాను. నీ మాట నమ్మే కదా వానలోకి దిగాను. అంత బాగా రాసే చేతులు పెట్టుకుని, ఒక్క ముక్క నోటితో చెప్పలేకపోయావు. ఇందాక కూడా చెప్పలేకపోయావు. నేను కామెంటు తియ్యను.”

“అక్కా.”

“తియ్యను. బతిమాలినా తియ్యను, అలిగినా తియ్యను. నువ్వు నిజం చెప్పి ఉంటే తీసేదాన్నేమో కూడా, అది వేరే సంగతి. నా మాట నేను రాసుకున్నాను, అది అక్కడే ఉంటుంది. నీ మాట సంగతి నువ్వు చూసుకో.”

తల్లి ఏదో అంటుందని ఇద్దరూ చూశారు. కొడుకు పక్షాన మాట్లాడుతుందని తమ్ముడి ఆశ. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, భుజం మీది శాలువా ఒళ్ళోకి లాక్కుని, కొడుకు వైపు అనుమానంగా వంగింది.

“ఒరేయ్, నాకు వెచ్చగా ఉంటుందని మీ కంపెనీ శాలువా ఒకటి తెప్పించావే. అది కూడా పోయినేటి రాతేనా?”

తమ్ముడు తల దించుకున్నాడు.

“కప్పుకుంటే చలేస్తోంది, వయసు మీద పడిందేమో అనుకుంటున్నాను నేను,” అంది తల్లి. ఆ తరవాత ఆవిడ ఇంక కొడుకు పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు.

టేబులు మీద తమ్ముడి ఫోను మోగింది. తెర మీద ‘మేనేజర్’ అని వెలిగింది. ఎవరూ కదల్లేదు. అది తనంతట తాను టేబులు మీద వణుకుతూ అంగుళం జరిగింది.

“ఏం చెప్పను?” అన్నాడు తమ్ముడు. మొహం పాలిపోయింది. “అక్కా, ఏం చెప్పమంటావు?”

“నేను చెప్పను. నిజం చెప్తావో, అబద్ధం చెప్తావో నీ ఇష్టం. నా కామెంటు పోదని తెలిసి చెప్పు.”

తమ్ముడి చెయ్యి ఫోను దాకా వెళ్ళి ఆగిపోయింది. అప్పుడు మరదలు వచ్చింది. చీర కొంగుకి చేతులు తుడుచుకుని, మొగుడి భుజం మీదుగా వంగి ఫోను తీసుకుంది. అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది.

“హలో. ఆయన కాదండీ, ఆయన భార్యని.”

“ఆయనకి ఇవ్వండి. అర్జెంటు,” అంది మేనేజర్ గొంతు.

“ఇస్తాను. ఎదురుగానే ఉన్నారు. ముందు నాది ఒక సంగతి ఉంది, వినండి. ఒక కోటు గురించి.”

“ఆ కామెంటు తీసేశారా?”

“అది మా వదిన కోటు అండీ. నేను చెప్పేది నా కోటు గురించి.”

తమ్ముడు గిరుక్కున తిరిగాడు. అక్క కుర్చీలో నిటారుగా అయింది.

“అవునండీ, మీ తాబేలుదే. నాదీ నీలమే,” అంది మరదలు. “ఆయన వద్దన్నా వినకుండా, మా అమ్మ వాళ్ళింటికి తెప్పించుకున్నాను. ఒక్క వానకే నా మెడ కూడా ఇట్లాగే అయింది. రంగు పోయేదాకా అక్కడే ఉండిపోయి, జ్వరమని చెప్పాను.”

“చూడండి, మీవారే వద్దన్నాక మీరెందుకు కొన్నట్టు?” మేనేజర్ గొంతులో విసుగు.

మరదలు మొగుడి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే అతను తట్టుకోలేకపోయాడు.

“ఇంట్లో ఆయన నోటితో చెప్పినదాని కంటే, మీ పేజీలో ఆయన రాసిందే ఎక్కువ నమ్మానండీ,” అంది. “ఇంట్లో చెప్పింది పిసినారితనం అనుకున్నాను. ఇవాళ నేను కూడా ఒక కామెంటు రాస్తాను. అది తీయించాలంటే మీరు నాతోనే మాట్లాడండి, ఆయన్ని అడగొద్దు. ఇదిగో, ఆయనకి ఇస్తున్నాను.”

ఫోను మొగుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది. వెళ్ళి అక్క పక్క కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆ పిల్ల కూర్చోవడం తల్లి ఇంతవరకూ చూడలేదు.

“హలో? హలో, ఉన్నావా?” అంటోంది మేనేజర్. “కామెంటు ఒకటి కాదు, ఇప్పుడు రెండా? మీ ఇంట్లో ఏం జరుగుతోంది? ఆ కోటుని వేడినీళ్ళలో ఉతికారని మీ అక్క కామెంటు కింద జవాబు రాసి పెట్టు. నీకు తెలుసుగా, ఆ కోటు మంచిదేనని.”

తమ్ముడు ఎదురుగా కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళనీ చూశాడు. ఒకరి మెడ నీలం, ఒకరి కళ్ళు ఎరుపు, ఒకరి ఒళ్ళో పల్చటి శాలువా. ముగ్గురిలో ఎవరూ అతనికి ఏ సైగా చెయ్యలేదు.

“మేడమ్,” అన్నాడు. “ఆ కోటుని నేనెప్పుడూ ముట్టుకోలేదు.”

అది తప్పు ఒప్పుకోవడమో, మళ్ళీ తప్పించుకోవడమో అక్కకి తెలియలేదు. తరవాతి మాట కోసం ఆవిడ ఫోను వైపు వంగి కూర్చుంది.